విమాన ప్రయాణానికి అనువైన స్కూబా ఫిన్స్ ఎంచుకోవడం ఎలా?

నీటి అడుగున ఈదడానికి వాడే స్కూబా సామగ్రిలో పెట్టె సర్దేటప్పుడు ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి పాదాలకు తొడిగే ఈత రెక్కలు, అంటే ఫిన్సే. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ బరువైనదే అయినా ఓ మూల ఒదిగిపోతుంది. వెట్‌సూట్‌ను మడవవచ్చు. నీటిలో తేలికను సర్దుబాటు చేసే గాలి జాకెట్ బీసీడీ, గాలి తీసేస్తే చదునవుతుంది. ఫిన్స్‌ను మాత్రం మడవలేం, కుదించలేం. అందుకే 'ట్రావెల్ ఫిన్స్' పేరుతో పొట్టివి, తేలికైనవి ఇప్పుడు చాలా వస్తున్నాయి. వాటిలో నిజంగా మంచివి ఉన్నాయి. ప్రవాహం కాస్త పెరిగితే చేతులెత్తేసేవీ ఉన్నాయి. డబ్బా మీది పేరు చూసి కొంటే ఏ రకం చేతికొస్తుందో చెప్పలేం.

ప్రయాణానికి అనువైన ఫిన్స్ అంటే రెండు పరీక్షల్లో నెగ్గాలన్నది నా అభిప్రాయం. ఒకటి, వాటితో వేసుకునే బూట్లతో సహా మీ పెట్టెలో పట్టాలి. రెండు, ఆ ప్రయాణంలో ఎదురయ్యే అత్యంత కఠినమైన నీటిలో కూడా మిమ్మల్ని క్షేమంగా పడవ దగ్గరికి చేర్చాలి. మొదటి పరీక్షను అందరూ గుర్తుపెట్టుకుంటారు. రెండోది నీటిలోకి దిగాక గాని గుర్తురాదు. అందుకే ఈ క్రమంలో ఆలోచించమంటాను.

1. అసలు వెంట తీసుకెళ్లాలా?

డైవ్ సెంటర్లలో ఫిన్స్ అద్దెకు దొరుకుతాయి. ఎప్పుడో ఒకసారి, ఒకటి రెండు డైవ్‌ల కోసం వెళ్లేవారికి అవి చాలు. సొంత సామగ్రి ఒక్కొక్కటిగా సమకూర్చుకునేవారు ముందుగా మాస్క్, ఆ తర్వాత డైవ్ కంప్యూటర్ కొనుక్కోవడం మేలు. మాస్క్ ముఖానికి సరిగా అమరకపోతే డైవ్ అంతా నీళ్లు తోడుకోవడంతోనే సరిపోతుంది. కంప్యూటర్ అయితే మీరు ఎంత లోతున ఎంతసేపు ఉన్నారన్న డైవ్‌ల లెక్కను రోజు నుంచి రోజుకు మోసుకొస్తుంది.

అయితే కొందరికి సొంత ఫిన్స్ తప్పనిసరి. పాదం మరీ చిన్నగానో, మరీ పెద్దగానో, వెడల్పుగానో ఉన్నవారు. తరచూ పిక్కలు పట్టేసేవారు. వరసగా వారం రోజులు రోజుకు మూడు నాలుగు డైవ్‌లు చేయబోయేవారు. సరిపడని ఫిన్ మొదటి రోజు మడమ మీద చిన్న ఎర్రమచ్చ పెడుతుంది. మూడో రోజుకు అదే బొబ్బ అవుతుంది. ఉప్పునీటిలో నానే బొబ్బ అంత తొందరగా మానదు.

2. వెళ్లబోయే నీటి గురించి మూడు విషయాలు రాసుకోండి

దుకాణానికి వెళ్లేముందు కాగితం మీద మూడు జవాబులు రాసుకోవాలి: నీటి ఉష్ణోగ్రత ఎంత, నీటిలోకి ఎలా దిగుతారు, ప్రవాహం ఎంత ఉంటుంది?

ఉష్ణమండల పగడపు దిబ్బల దగ్గర నీరు 27 నుంచి 29 డిగ్రీల దాకా ఉన్నప్పుడు పాదాలకు ఏమీ తొడగకపోయినా చలి వేయదు. 22, 23 డిగ్రీలకు దిగితే చాలామందికి నియోప్రీన్ అనే సాగే రబ్బరు బట్టతో చేసిన బూట్లు కావాలి. పడవ మీద నుంచి దిగేటట్లయితే ఉత్త పాదాలతో పని నడుస్తుంది. రాళ్లు, ముళ్ల సముద్రపు జీవులు ఉన్న తీరం నుంచి నడిచి దిగాలంటే గట్టి అడుగు ఉన్న బూట్లు లేకుండా వెళ్లకూడదు.

మూడో జవాబే అన్నిటికంటే బరువైనది. ఇండోనేషియాలోని కొమోడో, ఈక్వెడార్‌కు చెందిన గాలాపగోస్ ద్వీపాల వంటి చోట్ల ప్రవాహాలు బలంగా ఉంటాయి. అక్కడ ఎదురీదుతూ పోవడం ఏ ఫిన్స్‌తోనూ తెలివైన పని కాదు. ప్రవాహంతో పాటు సాగేలాగే అక్కడి డైవ్‌లను ఏర్పాటు చేస్తారు. అయినా ప్రవాహాన్ని అడ్డంగా దాటి దిబ్బ చాటుకు చేరడానికో, పక్కకు కొట్టుకుపోతున్న బడ్డీని, అంటే జంటగా దిగిన తోటి డైవర్‌ను అందుకోవడానికో పది పదిహేను బలమైన కిక్‌లు (కాళ్ల తాపులు) అవసరమవుతాయి. ఆ కొద్ది క్షణాల్లో ఫిన్స్ నీటిని నెట్టలేకపోతే ఎంత తేలికైనవైనా ప్రయోజనం లేదు. ప్రశాంతమైన సరస్సుకో, లోతు తక్కువ దిబ్బకో వెళ్తుంటే ఈ భయం అక్కర్లేదు.

3. పాదం ఎలా ఉండాలి: ఉత్తదా, బూటులోనా?

పెట్టె బరువును నిజంగా నిర్ణయించేది ఇదే. అందుకే దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

ఫుల్ ఫుట్ ఫిన్స్ పాదాన్ని మడమతో సహా మూసేస్తాయి. వీటికి బూట్లు అక్కర్లేదు, స్ట్రాప్ ఉండదు, తెగేది ఏమీ లేదు. తేలికగా ఉంటాయి. వీటి ప్రధాన లోపం: సర్దుబాటు ఉండదు. 42-43 అని రాసి ఉంటే ఆ రెండు సైజుల్లోనే అమరాలి. కాస్త వదులైతే రెండు మిల్లీమీటర్ల నియోప్రీన్ సాక్సు తొడిగి సరిచేసుకోవచ్చు. బిగుతైతే చేసేదేమీ లేదు. పైగా ఎండకు కాలిన పడవ డెక్ మీద, నిచ్చెన మెట్ల మీద ఉత్త పాదాలతో నిలబడాలి.

ఓపెన్ హీల్ ఫిన్స్‌లో మడమ వెనుక తెరిచి ఉంటుంది; బూటు వేసుకుని స్ట్రాప్ బిగిస్తారు. చల్లని నీటికీ, రాతి తీరానికీ ఇవే సరైనవి. వేసుకోవడం, తీయడం సులభం. అలలకు ఊగే నిచ్చెన దగ్గర ఒక చేత్తో ఫిన్ తీసి పడవలోని వారికి అందించాల్సి వచ్చినప్పుడు ఆ సులువు విలువ తెలుస్తుంది. కాని ప్రయాణం లెక్కలో బూట్లను కలపకుండా వీటిని తూచకూడదు. దుకాణంలో ఫిన్స్ ఒక్కటే తూచి 'తేలికే' అనుకుంటాం. ఇంటికొచ్చి గట్టి అడుగున్న బూట్లు కలిపితే సంఖ్య మారిపోతుంది. తిరుగు ప్రయాణంలో బూట్లు పూర్తిగా ఆరకపోతే ఇంకా మారుతుంది. నియోప్రీన్ నీటిని చాలాసేపు పట్టి ఉంచుతుంది.

ఈ రెండింటికీ మధ్యన మూడో రకం వచ్చింది. మడమ వెనుక స్ట్రాప్ ఉంటుంది గాని, పాదం దూరే భాగాన్ని, అంటే ఫుట్ పాకెట్‌ను ఉత్త పాదానికి తగ్గట్టు మలుస్తారు. స్కూబాప్రో వారి గో ట్రావెల్ ఈ కోవకు చెందినదే. మోన్‌ప్రీన్ అనే సాగే పదార్థంతో చేసిన ఈ ఫిన్‌ను బూటు లేకుండా వేసుకుని సాగే తాడులాంటి బంగీ స్ట్రాప్ మడమకు తగిలిస్తే సరిపోతుంది. ఫుల్ ఫుట్ తేలికదనానికి కొంత సర్దుబాటు తోడైంది. వెచ్చని నీటిలో, పడవ మీద నుంచి డైవ్ చేసేవారికి నేను ముందుగా సూచించేది ఈ రకాన్నే. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: ఉత్త పాదం కోసం చేసిన ఫుట్ పాకెట్‌లో మందపాటి బూటు దూరదు. రేపు చల్లని నీటికి వెళ్లే ఆలోచన ఉంటే ఇప్పుడే ఆ సంగతి తేల్చుకోవాలి.

4. పెట్టెను కొలవండి, కాగితం కత్తిరించండి

చెక్-ఇన్ సామాను తీసుకెళ్తున్నారా, కేబిన్ పెట్టెతోనే వెళ్తున్నారా అన్నది ముందు తేల్చుకోండి. రెండింటి లెక్కా పూర్తిగా వేరు.

చెక్-ఇన్‌కు చాలా విమాన సంస్థలు ఒక్కో పెట్టెకు 20 నుంచి 23 కిలోల దాకా అనుమతిస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదన్నది చాలా చోట్ల ఉన్న నియమం. ఈ కొలతలోని పెద్ద పెట్టెలో మామూలు పొడవున్న స్కూబా ఫిన్స్ దాదాపు అన్నీ పడతాయి. అంటే ఇక్కడ పొడవు సమస్యే కాదు, బరువే సమస్య. పెట్టెలో ఎలాగూ పట్టే ఫిన్స్‌ను వదిలి, పొట్టివి కొని నీటిలో బలం పోగొట్టుకోవలసిన అవసరం లేదు. చాలామంది ఈ సంగతి గమనించక అవసరం లేకుండానే పొట్టి ఫిన్స్ కొంటున్నారు.

కేబిన్ పెట్టెకైతే పొడవే ప్రధానం. బయటి కొలత 55 × 40 సెంటీమీటర్లు ఉన్న పెట్టెలో చక్రాలు, పిడి గొట్టాలు పోను లోపల సుమారు 48 × 35 మిగులుతుంది అనుకుందాం. మూల నుంచి మూలకు కొలిస్తే 59 సెంటీమీటర్లు వస్తుంది. ఆ 59 చూసి సంతోషించకండి. అది సన్నని కర్రకు వర్తించే లెక్క. ఫిన్ వెడల్పు 20 సెంటీమీటర్లు దాటుతుంది కాబట్టి దాని చివర మూలలోకి పూర్తిగా దూరదు. తయారీదారు ఇచ్చిన పొడవు, వెడల్పు తీసుకుని పాత వార్తాపత్రిక మీద ఫిన్ ఆకారం గీసి కత్తిరించండి. మీ పెట్టె తెరిచి ఆ కాగితాన్ని అడ్డంగా, ఐమూలగా పెట్టి చూడండి. అంచు మడత పడకుండా పడితే అసలు ఫిన్ పట్టే అవకాశం ఉంది. ఫుట్ పాకెట్ ఎత్తు కూడా మరిచిపోకండి. పెట్టె మూత మూసుకోనివ్వనిది సాధారణంగా అదే.

కేబిన్ సామానుకు బరువు పరిమితి కూడా గట్టిగానే ఉంటుంది. చాలా సంస్థల్లో అది 7 నుంచి 10 కిలోల మధ్య. రెగ్యులేటర్, మాస్క్, కంప్యూటర్, బట్టలు పెట్టాక ఫిన్స్‌కు ఎంత మిగులుతుందో చూసుకోండి. కొక్కేనికి వేలాడదీసి తూచే చిన్న సామాను త్రాసు ఒకటి ఇంట్లో ఉంటే ఈ పనంతా సులువవుతుంది.

5. పదార్థం: తేలేదా, మునిగేదా?

ఫిన్స్ బరువు ప్రధానంగా పదార్థాన్ని బట్టి ఉంటుంది. పూర్తిగా రబ్బరుతో చేసినవి ఏళ్ల తరబడి మన్నుతాయి. 1960ల నుంచి ఇప్పటిదాకా డైవర్ల కాళ్లకు కనిపిస్తున్న జెట్ ఫిన్ ఈ జాతిదే. పొట్టిగా ఉండటం వల్ల పెట్టెలో చక్కగా పడుతుంది గాని, పెద్ద సైజులు జతకు మూడు కిలోల దరిదాపుల్లో తూగుతాయి. అదే ఆకారాన్ని థర్మోప్లాస్టిక్ రబ్బరుతో చేసినవి ఇప్పుడు దొరుకుతున్నాయి. అపెక్స్ ఆర్‌కే3 అలాంటిదే. పొట్టి, గట్టి ఫిన్ కావాలనుకుని బరువు దగ్గర ఆగిపోయేవారు వీటిని చూడాలి. పాలీప్రొపిలీన్ వంటి ప్లాస్టిక్ బ్లేడుకు (నీటిని నెట్టే రెక్క భాగానికి) మెత్తని ఫుట్ పాకెట్ అతికించినవి ఇంకా తేలిక.

బరువుతో పాటు చూడవలసింది మరొకటుంది. రబ్బరు ఫిన్స్ నీటిలో మునుగుతాయి. పాలీప్రొపిలీన్ సాంద్రత నీటికంటే తక్కువ కాబట్టి ఆ బ్లేడ్లు తేలడానికి చూస్తాయి. మందమైన వెట్‌సూట్‌లోనో, నీళ్లు లోపలికి రానివ్వని డ్రైసూట్‌లోనో కాళ్లు పైకి తేలిపోతుంటే బరువైన ఫిన్స్ వాటిని కిందకు పట్టి ఉంచుతాయి. పలుచని సూట్‌లో అవే ఫిన్స్ కాళ్లను కిందకు లాగి, మీ శరీరాన్ని ఏటవాలు చేస్తాయి. అప్పుడు ప్రతి కిక్ ఇసుకను లేపుతుంది, పగడాలకు తగులుతుంది. వెచ్చని నీటికి వెళ్లేవారికి తేలికైన ఫిన్స్ పెట్టెలోనే కాక నీటిలోనూ మేలు చేసేది ఇందుకే.

కార్బన్ ఫైబర్ బ్లేడ్ల మోజులో పడకండి. సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి దిగే ఫ్రీడైవింగ్‌కు అవి అద్భుతమైనవి. కాని వాటి పొడవు, సామాను విసిరే చోట పగిలే ప్రమాదం స్కూబా ప్రయాణికుడికి తలనొప్పే.

6. మీ కిక్‌ను బట్టి బ్లేడు

ఇక్కడ మీ అలవాటే నిర్ణయించాలి. కాళ్లను పైకీ కిందకీ ఆడించే ఫ్లట్టర్ కిక్‌తో ఈదేవారికి కొంత పొడవున్న, వంగి తిరిగి లేచే బ్లేడు హాయిగా ఉంటుంది. దాన్ని మరీ పొట్టిగా చేస్తే అదే వేగానికి ఎక్కువసార్లు కాళ్లు ఆడించాలి, గాలి త్వరగా అయిపోతుంది. కప్పలా కాళ్లు పక్కలకు తెరిచి మూసే ఫ్రాగ్ కిక్ బాగా వచ్చినవారికి పొట్టిగా, వెడల్పుగా, గట్టిగా ఉన్న బ్లేడు పొడవైనదానికంటే మెరుగ్గా పనిచేస్తుంది. వెనక్కి ఈదడానికి, ఉన్నచోటే తిరగడానికి కూడా అదే బాగుంటుంది. అంటే ఫ్రాగ్ కిక్ నేర్చుకున్న డైవర్ పొట్టి ఫిన్స్‌కు మారినా పెద్దగా నష్టపోడు. ప్రయాణాలు ఎక్కువగా చేసేవారు ముందు ఈ కిక్ సాధన చేసి, ఆ తర్వాత ఫిన్స్ కొంటే ఎంపిక చాలా సులువవుతుంది.

చీలిన బ్లేడున్న స్ప్లిట్ ఫిన్స్ మోకాళ్లకు, చీలమండలకు సుఖంగా ఉంటాయి. కాళ్లనొప్పులున్నవారు వీటినే ఇష్టపడతారు. ఫ్రాగ్ కిక్‌కూ, వెనక్కి ఈదడానికీ ఇవి అంతగా కుదరవు. పైగా చాలావరకు పొడవైనవే.

ఒక హెచ్చరిక. స్నోర్కెలింగ్ కోసం చేసిన పొట్టి ఫిన్స్ చూడటానికి ట్రావెల్ ఫిన్స్ లాగే ఉంటాయి, ధర తక్కువ, చేతి సంచిలో పట్టేస్తాయి. క్రెస్సీ పలావ్ వంటివి నీటి పైభాగాన ఈదడానికి మంచివే. సిలిండర్, బీసీడీ, మునగడానికి కట్టుకునే బరువులు మోస్తున్న డైవర్ నీటిలో కలిగించే నిరోధం అంతకంటే ఎంతో ఎక్కువ. మెత్తని పొట్టి బ్లేడు ఆ భారానికి వంగిపోతుందే తప్ప నీటిని నెట్టదు. దుకాణంలో బ్లేడు చివర పట్టుకుని వంచి చూడండి. కాస్త ఎదిరించి, వదలగానే చటుక్కున యథాస్థితికి రావాలి.

7. స్ట్రాప్

మామూలు రబ్బరు స్ట్రాప్ తేలికే గాని కాలక్రమేణా పగుళ్లిచ్చి తెగుతుంది. స్టీలు స్ప్రింగ్ స్ట్రాప్ బలమైనది, తొడగడం సులభం, కొంచెం బరువు. బంగీ స్ట్రాప్ రెండింటి మంచినీ చాలావరకు ఇస్తుంది. ఏది తీసుకున్నా దానికి సరిపోయే అదనపు స్ట్రాప్ ఒకటి వెంట ఉండాలి. ఒక్కో కంపెనీ కొక్కెం ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి దీవిలో అది దొరుకుతుందని ఆశపడకండి.

8. ఇంట్లో కాలికి తొడిగి చూడటం

కొత్త ఫిన్స్‌ను సాయంత్రం పూట వేసి చూడండి. రోజంతా నడిచాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బూటు వేసుకునేదైతే డైవ్‌లో వాడబోయే ఆ బూటుతోనే చూడాలి. పాదాన్ని లోపలికి తోశాక వేళ్లను ఆడించండి. వేళ్లు కొద్దిగా కదలాలి, కొసలు ముడుచుకోకూడదు. బొటనవేలు ముందుకు గుచ్చుకుంటే నీటిలో అరగంటకే పాదం కింద కండరం పట్టేస్తుంది. కుర్చీలో కూర్చుని కాలు ఎత్తి, ఫిన్‌ను పక్కలకు ఊపండి. ఫిన్ పాదంతో కలిసి కదలాలి. పాదం కదిలాక ఒక క్షణం ఆగి ఫిన్ కదులుతుంటే అది వదులు. ఓపెన్ హీల్‌లో బూటు మడమ ఫుట్ పాకెట్ దాటి కొద్దిగా బయటికి ఉండటం మామూలే. పాదం మధ్యభాగం మాత్రం లోపల గట్టిగా కూర్చోవాలి.

తొడిగి ఒక పది నిమిషాలు అలాగే కూర్చోండి. ఫిన్ వేసుకుని నడవకండి, తట్టుకుని పడతారు. తీశాక చర్మం మీద ఎర్రగా గీత పడిన చోటు ఎక్కడో చూడండి. బొబ్బ వచ్చేది సరిగ్గా అక్కడే.

9. కొలనులో పరీక్ష

వీలైతే ప్రయాణానికి ముందే ఒకసారి పూర్తి స్కూబా సామగ్రితో కొలనులో దిగండి. కదలకుండా అడ్డంగా తేలుతూ కాళ్లు వాటంతట అవి ఎటు పోతున్నాయో గమనించండి. కిందకు దిగుతుంటే బీసీడీ మీది బరువుల్లో ఒకటో రెండో పైకి, సిలిండర్ పట్టీ దగ్గరికి జరపండి. పైకి తేలిపోతుంటే బరువులను నడుము వైపు దించండి. ఆ తర్వాత కొలను ఒక చివర నుంచి మరో చివరకు శక్తికొద్దీ ఈది చూడండి. పిక్కలు మండిపోయి, ముందుకు మాత్రం అంతంతే సాగితే బ్లేడు మీ కాళ్లకు మరీ గట్టిది. కాళ్లు తేలిగ్గా ఆడుతున్నా వేగం రాకపోతే మరీ మెత్తనిది. రెండూ ప్రవాహంలో ప్రమాదమే.

10. సర్దడం, తిరిగి తేవడం

ఫిన్స్‌ను పెట్టె రెండు పక్కలా గోడల్లా నిలబెట్టి, మధ్యలో మెత్తని బట్టల్లో చుట్టిన రెగ్యులేటర్, మాస్క్ పెడితే ఫిన్సే వాటికి రక్షణ. ఫుట్ పాకెట్ల ఖాళీని వదులుకోకండి. సాక్సులు, చార్జర్ తీగలు, అదనపు స్ట్రాప్ అక్కడే కూరితే చోటు కలిసొస్తుంది, పాకెట్ ఆకారమూ చెడదు. బ్లేడు వంగేలా బరువులు ఎక్కించవద్దు. ప్లాస్టిక్ బ్లేడు వేడిలో వంగి కొన్ని రోజులుంటే ఆ వంకర అలాగే ఉండిపోతుంది. ఇంట్లోనూ బ్లేడు కొస మీద నిలబెట్టి గోడకు ఆనించకూడదు.

చివరి డైవ్ అయిన రోజే మంచినీటితో కడిగి, స్ట్రాప్ కొక్కేల్లోని ఇసుక వదిలించి, నీడలో ఆరబెట్టండి. బూట్లను తిరగేసి ఆరబెడితే వేగంగా ఆరతాయి. విమానం ఎక్కేముందు ఒక రోజు డైవింగ్ చేయకుండా ఉండటం మామూలు జాగ్రత్త కాబట్టి ఆ రోజంతా సామగ్రి ఆరడానికి దొరుకుతుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాల్లో బయటి మట్టి, మొక్కల అవశేషాల విషయంలో తనిఖీ కఠినంగా ఉంటుంది. బూట్ల అడుగున బురద లేకుండా బ్రష్‌తో రుద్ది సర్దండి. ఇంటికి చేరాక స్ట్రాప్‌ను వేళ్లతో సాగదీసి వెలుతురులో పట్టి చూడండి. వెంట్రుకంత పగులు కనిపించినా వెంటనే మార్చి, దాని స్థానంలో వెంట తీసుకెళ్లడానికి మరొకటి కొని పెట్టుకోండి.